నలుపు ఎక్కడ పోయింది? – ఫోటోల దిద్దుబాటులో రంగు, లెక్క, మనవాళ్ళ మొఖాలు

ఈ వ్యాసానికి మూలం ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. మా నాయినమ్మ పోయిన పదకొండో దినాన బోధన్ పక్క మా ఊరి వాడకట్టులో దాన్ని కట్టాం. ఆమె బతికినన్నాళ్ళూ చెరుకు తోటల్లోనే పనిచేసింది. ముచ్చెలు నాటింది, గడలు కొట్టింది, మోపులు మోసి బండ్లకెత్తింది. ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టి తీసిన ఫోటో ఇంట్లో ఒకటే ఉండేది. దాన్ని నిజామాబాద్ పట్నంలో ఒక స్టూడియోకిచ్చి ఫ్లెక్సీ చేయించాం. ఫ్లెక్సీ మీద ఆమె పేరుంది, చుట్టూ బంతిపూల డిజైనుంది, కింద ఇంటోళ్ళందరి పేర్లున్నాయి. నడుమ ఉన్నది మాత్రం వేరే మనిషి. గోధుమరంగు ఒళ్ళు, గులాబీరంగు పెదవులు, నున్నగ తేలిన చెంపలు. గదువ మీద మూడు, నుదుట ఒకటి ఉండే పచ్చబొట్లు లేవు. మా అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంట దగ్గరికొచ్చి చూసి, "గీమె మా అత్త గాదు" అన్నది. అని, దండ వెయ్యకుండనే ఎనక్కి మళ్ళింది.

తెల్లారి స్టూడియోకు పోయాం. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే పిల్లగాడు మావాడే, పక్క మండలపు మాదిగ పిల్లగాడు. "అన్నా, ఫేస్ నీట్‌గ చేసిన. అందరికీ గట్లనే చేస్తం, ఎవ్వరూ అడుగలే" అన్నడు. పాత ఫైల్ ఉందా తమ్మీ అంటే, దిద్దినదాన్నే దాని మీద సేవ్ చేసిండు. మేమిచ్చిన ప్రింటు దొరకలేదు. అంటే మా నాయినమ్మ మొఖం ఉన్న ఒకే ఒక్క ఆధారం, ఎవరూ కోపంతో కాదు, కుట్రతో కాదు, మూడు నాలుగు మీటలతో చెరిగిపోయింది. ఆ మూడు నాలుగు మీటలు ఏం చేస్తాయో, అవి ఎక్కడినుంచి వచ్చాయో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇది స్టూడియోవాళ్ళ సమస్య, దళిత అధ్యయనాలకు ఎందుకు అనుకునే పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

నలుపు అనే మాటకు ఈ నేల మీద ఒక చరిత్ర ఉంది. నిజామాబాద్‌లో వకీలుగా పనిచేసి ఇక్కడి పల్లెల్లో అంబేద్కర్ యువజన సంఘాలకు పునాదులేసిన బొజ్జా తారకం, 1980ల చివర మొదలైన 'నలుపు' పత్రికకు సంపాదకుడు. తిట్టుగా వాడే మాటను పేరుగా పెట్టుకున్న తరం అది. ఇంకోవైపు మన ఇండ్లల్ల మాటలు చూడండి. పిల్ల ఎట్లుందంటే "ఎర్రగ బుర్రగ ఉంది" అంటాం, ఎరుపు అంటే ఇక్కడ తెలుపే. నల్లగుంటే "కర్రెగుంది గాని కళ ఉంది" అంటాం. ఆ 'గాని' దగ్గరే ఉంది సంగతంతా. ఒక మాట ముందే స్పష్టం చేయాలి: కులం ఒంటి రంగులో లేదు. నల్లటి బ్రాహ్మలూ తెల్లటి మాలలూ ఎక్కడైనా కనిపిస్తారు. పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒకే జాతి మూలంవాళ్ళని అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లోనే చెప్పాడు. కానీ ఎండలో పనిచేసే ఒళ్ళు తక్కువది, నీడపట్టున ఉన్న ఒళ్ళు ఎక్కువది అన్న లెక్క మాత్రం మన కండ్లల్లో కూర్చున్నది. ఆ లెక్కే ఇప్పుడు యంత్రంలోకి చేరింది.

కంప్యూటరుకు రంగు తెలవదు, అంకెలు తెలుసు. ఫోటోను అది చిన్న చిన్న చుక్కలుగా విడగొడుతుంది. ఒక్కో చుక్కకు మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. మూడూ సున్న అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఇట్లా 256ను మూడుసార్లు గుణిస్తే 1,67,77,216 రంగులొస్తాయి. ఇన్ని రంగుల్లో మనుషుల ఒంటి రంగుకు దక్కే చోటు చాలా చిన్నది.

మా నాయినమ్మలాంటి మొఖం మీద ఒక చుక్కను తీసుకుందాం. ఎరుపు 92, ఆకుపచ్చ 61, నీలం 45 అనుకోండి. టీవీల్లో క్రీములమ్మే పిల్ల చెంప మీద ఇంకో చుక్క: 224, 178, 154. ఫోటోషాప్‌లో ఈ రెంటినీ 'హ్యూ' అనే లెక్కలో చూస్తే, అంటే రంగుల చక్రంలో ఏ దిక్కున ఉన్నాయని చూస్తే, రెండూ ఇంచుమించు 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఎరుపుకూ నారింజకూ నడుమ. మేము మొదట ఈ లెక్క చేసినప్పుడు తప్పు చేశామనుకొని మళ్ళీ చేశాం. తప్పు లేదు. నల్లటి మొఖమూ తెల్లటి మొఖమూ వేరు వేరు రంగులు కావు, ఒకే రంగు వేరు వేరు వెలుతురు మెట్ల మీద ఉంది. మొదటిది వెలుతురు నిచ్చెన మీద 27 శాతం దగ్గర, రెండోది 74 శాతం దగ్గర. రక్తమూ చర్మమూ అందరివీ ఒకటే కాబట్టి దిక్కు ఒకటే. మనం తరతరాలుగా 'రంగు' అని కొట్టుకు చచ్చేది నిజానికి మెట్టు గురించి.

ఇక స్టూడియోలో జరిగేదేమిటి? మొదటి మీట 'బ్రైట్‌నెస్'. పాత తరహా బ్రైట్‌నెస్ చేసే పని కూడిక. 80 పెంచితే మూడు అంకెలకూ 80 కలుపుతుంది. 92, 61, 45 కాస్తా 172, 141, 125 అవుతుంది. మొదట్లో ఎరుపు నీలానికి రెండింతలుండేది, ఇప్పుడు ఒకటింబావు కంటే కొంచెమే ఎక్కువ. రంగు చిక్కదనం 51 శాతం నుంచి 27 శాతానికి పడింది. మొఖం తెల్లబడలేదు, బూడిద పూసినట్టయింది. ఆ బూడిదను పోగొట్టడానికి పిల్లగాడు ఇంత ఎరుపూ ఇంత పసుపూ పోస్తడు. దాంతో గోధుమరంగు వస్తుంది, పెదవులు గులాబీ అవుతాయి. ఫ్లెక్సీల మీద మన పెద్దమనుషులంతా ఒకే తల్లి పిల్లల్లెక్క కనిపించడానికి కారణం ఇదే.

చీకట్లో పడ్డ మొఖాన్ని వెలుతురులోకి తేవడం తప్పేం కాదు, చాలాసార్లు తప్పనిసరి కూడా. కానీ కలపడం వేరు, గుణించడం వేరు. మూడింటినీ 1.3తో గుణిస్తే 120, 79, 59 వస్తాయి. మూడింటి మధ్య నిష్పత్తి చెదరలేదు. అదే మనిషి, కాస్త ఎక్కువ వెలుతురులో. కొత్త ఫోటోషాప్‌లో 'ఎక్స్‌పోజర్' అనేదీ, 'కర్వ్స్' గీతను నడుమ పట్టుకొని మెల్లగ పైకి లాగడమూ ఇంచుమించు ఇట్లాంటి పని చేస్తాయి. మేము స్టూడియో పిల్లగాళ్ళకు చెప్పేది ఇదే: బ్రైట్‌నెస్ ముట్టకు తమ్మీ, కర్వ్ ముట్టు. లాగేటప్పుడు మొఖాన్ని చూడకు, మనిషి కట్టుకున్న తెల్ల ధోతినో తెల్ల గోడనో చూడు. తెలుపు తెలుపుగా ఉండి, తల నలుపు నలుపుగా ఉంటే, నడుమ మొఖం దాని మెట్టు అదే వెతుక్కుంటుంది.

రెండో మీట 'స్మూత్'. ఇదే పచ్చబొట్టును తిన్నది. పచ్చబొట్టు నల్లటి ఒంటి మీద ఎట్లుంటుందో చూసినవాళ్ళకు తెలుసు. కొట్టొచ్చినట్టు కనపడదు, దగ్గరకొస్తే తెలుస్తుంది. అంకెల్లో చెప్పాలంటే చర్మం 92, 61, 45 అయితే పచ్చబొట్టు 62, 60, 55 లాగుంటుంది. ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చినా, వెలుతురు కొలిచినా, ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున తూకమేసి కలపడం ఒక పద్ధతి. ఆ తూకంతో చర్మం 68, పచ్చబొట్టు 60. తేడా ఎనిమిది మెట్లే. నునుపు చేసే మీటకు ఒక హద్దు ఉంటుంది, దానికి లోబడిన తేడాలన్నీ మరకలే. ఎనిమిది మెట్ల పచ్చబొట్టును అది మరక కిందే జమకట్టింది. అదే ఎరుపు పొరను విడిగా తీసి చూడండి: 92కూ 62కూ నడుమ ముప్పై మెట్లున్నాయి. పచ్చబొట్టు పోయలేదు, తప్పుడు కిటికీలోంచి చూశారు. పాత ఫోటోల్లో పచ్చబొట్లు వెతికేవాళ్ళు 'ఛానల్స్'లోకి పోయి ఎరుపు పొర ఒక్కటే తెరవాలి. ఈ ఒక్క ఉపాయంతో మేము సేకరించిన ఫోటోల్లో, ఇంతకుముందు ఎవరూ చూడని గుర్తులు చాలా బయటపడ్డాయి.

మూడోది సేవ్. వెలుతురు పెంచేకొద్దీ పై మెట్లు 255ను గుద్దుకుంటాయి. 230 ఉన్నదీ 250 ఉన్నదీ రెండూ 255 అయ్యాక, ఏది ఏదో యంత్రానికే కాదు దేవుడికీ తెలవదు. తెల్ల చీర మడతలన్నీ పోయి కాగితం ముక్క అయ్యేది ఇందుకే. దాన్ని జేపెగ్‌గా పాత ఫైల్ మీదే సేవ్ చేస్తే వెనక్కి దారి లేదు. అందులోనూ జేపెగ్ స్థలం ఆదా కోసం వెలుతురు వివరాలను కొంత నయంగా ఉంచి, రంగు వివరాలను ఎక్కువగా కోస్తుంది. పచ్చబొట్టు బతికేది రంగు వివరాల్లోనే కదా.

ఈ మీటలను మా పిల్లగాడు కనిపెట్టలేదు. ఫిల్ము కాలంలో కొడాక్ కంపెనీ తన ల్యాబులకు 1950ల నుంచి ఒక నమూనా ఫోటో పంపేది. దాంట్లో తెల్ల తోలు స్త్రీ. మొదటామె పేరును బట్టి వాటికి 'షర్లీ కార్డు' అనే పేరొచ్చింది. షర్లీ మొఖం సరిగ్గా వస్తే ల్యాబు సరిగ్గా ఉన్నట్టు. నల్లటి మొఖాలు ముద్దలుగా వచ్చినా చాలా ఏండ్లు అది లోపమనిపించుకోలేదు. చాక్లెట్ కంపెనీలూ చెక్క సామాన్ల కంపెనీలూ తమ సరుకు గోధుమ ఛాయలు సరిగ్గా పడటంలేదని అడిగినంకనే దానికి కదలిక వచ్చిందని ఆ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. మనుషులు అడిగితే కాదు, బల్లలు అడిగితే! కంప్యూటరు కాలంలోనూ ఇదే కథ. బొమ్మల లెక్కలను పరీక్షించడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలు వాడిన 'లెన్నా' ఫోటో 1972 నవంబరు ప్లేబాయ్ పత్రికలోది, ఒక స్వీడన్ మోడల్ బొమ్మ. ఐ.ఇ.ఇ.ఇ. కంప్యూటర్ సొసైటీ దాన్ని తన పత్రికల్లో వద్దన్నది 2024 ఏప్రిల్‌లో. 2018లో జాయ్ బువొలంవిని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్ళు, మొఖం చూసి ఆడా మగా చెప్పే కంపెనీ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పు 0.8 శాతం మించలేదు, నల్ల ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయింది. ఇప్పుడు సెల్‌ఫోన్లో మనం అడగకముందే మొఖాన్ని నునుపు చేసే 'బ్యూటీ' మీట ఈ వంశానిదే.

కెమెరా దగ్గరే మొదలయ్యే అన్యాయం ఇంకొకటుంది. కెమెరాలోని వెలుతురు మీటరు ఎదుట ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద అనుకుంటుంది. చెరుకు బెల్టులో పాత గ్రూప్ ఫోటోలు చూడండి. నడుమ కుర్చీలో తెల్ల బట్టల పటేల్, పక్కన తెల్ల బట్టల వాళ్ళు, అంచుల్లో నిలబడ్డ జీతగాళ్ళు. ఇంత తెలుపు చూసి మీటరు వెలుతురు తగ్గిస్తుంది. పటేల్ చొక్కా మడతలు లెక్కపెట్టొచ్చు, జీతగాళ్ళకు కండ్లూ పండ్లే మిగులుతాయి. ఇట్లాంటి ఫోటోను మొత్తంగా పెంచితే చొక్కా పోతుంది, మొఖాలు రావు. మొఖాలున్న మేరకు మాత్రమే ఎంచుకొని, అంచులు మెత్తగ చేసి, విడిగా ఒక పొర మీద కర్వ్ లాగాలి. పొరగా వేస్తే అసలు ఫైల్ చెడదు, రేపు ఇంకొకరు వచ్చి మా చెయ్యి తప్పనిపిస్తే తీసేయొచ్చు.

బోధన్ మనుషులకు రంగును కొలిచి ధర కట్టడం కొత్త కాదు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడి, 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్స్ నీడలో పెరిగినోళ్ళం. చెరుకు రసం పుట్టుకతో తెల్లటిది కాదు. మన దేశంలో ఎక్కువ ఫ్యాక్టరీల్లో గంధకపు పొగ పట్టించి దాని రంగు తీస్తారు. చక్కెర సంచి మీద ఎం-30, ఎస్-30 అని రాసే గుర్తుల్లో అక్షరం పలుకు సైజుకు, అంకె రంగుకు. బెల్లం రంగున్న మనుషులు తెల్ల చక్కెర చేసి పంపిన ఊరిది.

మేము రెండేండ్లుగా ఈ చుట్టుపక్కల దళితవాడల్లో, ఫ్యాక్టరీ కూలీల ఇండ్లల్లో పాత ఫోటోలను స్కాన్ చేస్తున్నాం. పెండ్లి ఫోటోలు, గల్ఫ్‌కు పోయేటోళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు, దుబాయి నుంచి వచ్చిన రంగు ప్రింట్లు. 1980ల నాటి రంగు ప్రింట్లు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. ప్రింటులో మూడు రంగు పొరలుంటాయి: ఎరుపును ఆపే సయాన్ పొర, ఆకుపచ్చను ఆపే మెజెంటా పొర, నీలాన్ని ఆపే పసుపు పొర. ట్రంకు పెట్టెలో పడున్నా సరే, ఆనాటి కాగితాల్లో సయాన్ ముందు చచ్చిపోతుంది. ఎరుపును ఆపేవాడు లేక ఫోటో అంతా ఎర్రగవుతుంది. దీనికి మందు, కర్వ్స్‌లో ఎరుపు గీతను ఒక్కదాన్నే కిందికి దించడం. స్కాన్ చేసేటప్పుడు 8 బిట్లకు బదులు 16 బిట్లు పెట్టుకుంటే ఒక్కో రంగుకు 256 మెట్లకు బదులు 65,536 మెట్లుంటాయి, ఎంత లాగినా గళ్ళు పడవు. ఫైల్‌ను టిఫ్‌గా దాచాలి, జేపెగ్‌ను పంచుకోవడానికి మాత్రమే వాడాలి.

నీలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం, ఏప్రిల్ 14 ముందు చాలామంది అడుగుతుంటారు కాబట్టి. 1942లో ఏర్పడ్డ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నుంచి మనకొచ్చిన నీలం, తెర మీద ధగధగలాడుతూ ఉండి ఫ్లెక్సీ మీద వంకాయరంగుకు తిరుగుతుంది. తెర వెలుతురుతో రంగు చేస్తుంది, మిషను సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో చేస్తుంది. 0, 0, 255 అనే నీలం ఆ సిరాల్లో లేదు. దాన్ని అందుకోబోయి మిషను మెజెంటాను కుమ్మరిస్తుంది. సయాన్ వంద పెట్టి మెజెంటాను అరవై, డెబ్బై దగ్గర ఆపండి. నీలం నీలంగా వస్తుంది.

ఇంతా రాసి ఒక చిక్కు దాచడం న్యాయం కాదు. స్టూడియోకొచ్చి "జర తెల్లగ చెయ్యి" అని అడిగేది ఎక్కువగా మనవాళ్ళే. పెండ్లి సంబంధానికి ఫోటో పంపే ఆడపిల్ల తల్లి అడుగుతుంది. ఆమెకు నలుపు గొప్పదనం గురించి మేము ఉపన్యాసమిస్తే, సంబంధం తప్పిపోతే మీరు చేసుకుంటారా అని అడిగే హక్కు ఆమెకుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది గాని, ఆ తల్లి భయాన్ని తీయలేదు. ఆమె మీద మాకు కోపం లేదు. మా కొట్లాట అడగకుండానే జరిగే తెలుపు మీద. మా నాయినమ్మ అడగలేదు, మేమూ అడగలేదు.

ఆ స్కానింగు పనిలోనే, మా చిన్నాయిన పెండ్లి నాటి గ్రూప్ ఫోటో ఒకటి చుట్టాలింట్లో దొరికింది. ఎడమ అంచున, వంట గిన్నెల దగ్గర నాయినమ్మ సగం తిరిగి ఉంది. ఫోటో ఎర్రబారింది. పచ్చబొట్టు కనిపించాల్సింది ఎరుపు పొరలో, ఆ పొరను మోసే సయాన్ రంగే చచ్చిపోయింది. ముప్పై మెట్లుండాల్సిన తేడా ఏడెనిమిదికి పడిపోయింది. 16 బిట్ల స్కాన్ మీద ఎరుపు గీతను కిందికి దించి, ఆ కొద్ది మెట్లనే సాగదీశాం. ఒక సాయంత్రమంతా పట్టింది. గదువ మీద రెండు చుక్కలు లేచాయి. ఒళ్ళు దాని నలుపులో అది నిలబడింది.

మా అవ్వను పిలిచి చూపించాం. తెర మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "మూడుండె గద బిడ్డా, ఇంకోటేది?" అన్నది. అటుపక్క నీడ పడ్డది, ఫోటోలో లేదవ్వా అన్నాం. "నువ్వే పెట్టరాదు, నీకొచ్చు గద" అన్నది. బ్రష్‌తో ఒక్క చుక్క పెట్టడం అరనిమిషం పని. పెట్టలేదు. ప్రింటు తీయించి దాని కిందనే, గదువ మీద మూడో పచ్చబొట్టు కుడిపక్కన ఉండేదనీ, చెప్పింది కోడలనీ రాశాం. ఇప్పుడు ఆ ప్రింటు ఇంట్లో ఉంది. మా అవ్వకు ఆ రాత చదవరాదు, వచ్చినోళ్ళతో చదివించుకుంటుంది.